నిల్వ గాలి

మే నెల మధ్యాహ్నాల్లో బాన్సువాడ అంతా తలుపులేసుకుని పడుకుంటే పంక్చర్ల రౌఫ్ ఒక్కడే పనిలో ఉంటాడు. కంప్రెసర్ బయటికి లాగి, వడగాలిని పాత ట్రాక్టర్ ట్యూబుల్లోకి పట్టి, మూతులు బిగించి వెనక గదిలో పేరుస్తాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన భార్య హఫీజా మామిడికాయ తొక్కు పెడుతుంది. జాడీలు ఒక గోడకు, ట్యూబులు ఇంకో గోడకు. రెండింటినీ తడి చేత్తో ముట్టకూడదని ఇంట్లో కట్టడి.

చలికాలం వచ్చిందంటే ఆ గాలికి గిరాకీ. కాలువల మీద మంచు దిగే రోజుల్లో మామూలు గాలి తెల్లారేసరికి ముడుచుకుంటుంది. తాళం తిప్పగానే స్టీరింగ్ ముందు పసుపు దీపం వెలుగుతుంది, టైర్లో గాలి తగ్గింది చూసుకోమని. కాస్త దూరం పోయి చక్రాలు వేడెక్కితే ఆరిపోతుంది కదా అని డ్రైవర్లు చాలామంది దాని మొహం చూడరు. చూడక, నడిరోడ్డు మీద టైరు పేలి నెత్తి పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. రౌఫ్ నిల్వ గాలి పట్టిన బండికి ఆ బాధే లేదు. ఎంత మంచు కురిసినా అది మే నెల గాలిలాగే ఉంటుంది. ఇందులో వింతేముందని ఊళ్లో ఎవరూ అనుకోలేదు. వాదనలల్లా పోయినేటి గాలి ఘాటా, ఈయేటిదా అన్నదాని మీదే.

లారీ ముత్తెన్నకు ఆ పసుపు దీపమంటే మహా భయం. కొత్త బండి వచ్చినప్పటి నుంచి అది వెలిగిందంటే చాలు, ఎక్కడున్నా ఆపి, దిగి, ఒక్కో చక్రాన్నీ తడిమి చూసుకునేవాడు. అందుకే డిసెంబరు మొదట్లోనే రౌఫ్ దగ్గరికి వచ్చాడు.

"చక్రాలన్నిట్ల నిల్వదే పట్టు భాయ్. స్టెప్నీకి ఉత్త గాలి చాలు. ఊకె ఏలాడేదానికి గంత మంచి గాలెందుకు?"

"దానికీ పట్టిచ్చుకోరాదు ముత్తెన్నా. ఆపతికి అక్కరకొచ్చేది గదే గదా," అన్నాడు రౌఫ్.

"నా బండి సంగతి నాకెరుక తీయ్," అని ముత్తెన్న నవ్వేశాడు. ఎక్కడ పొదుపు చెయ్యాలో మనిషికి ముందుగా తెలిస్తే ఇంకేం కావాలి.

ఆ వారమే జుక్కల్‌లో ఎరువు బస్తాలు దింపి, పొద్దున్నే ఖాళీ బండితో బయలుదేరబోతుంటే ఫోన్ మోగింది. అవతల రౌఫ్.

"ముత్తెన్నా, జుక్కల్‌లనే ఉన్నవా? ముస్కాన్‌కు నొప్పులొస్తున్నయట. ఇంకా నెలలు నిండలే. మంచుకు బండ్లేవీ కదుల్తలేవట. జర నా బిడ్డను పట్టుకరా."

ముస్కాన్ రౌఫ్‌కు ఒక్కగానొక్క కూతురు. పోయినేడే జుక్కల్‌కు ఇచ్చారు. ఆమెనూ అత్తనూ ముత్తెన్న క్యాబిన్‌లోకి ఎక్కించుకుని, సీటు వెనక పడకబల్ల మీద దుప్పటి పరిచి బండి కదిలించాడు. దారి కానరాదు. లైట్లు వేసుకుని నత్తలా పోవడమే. పెద్ద కొడప్‌గల్ దాటీ దాటకముందే ఆ పడక మీదే ఆడపిల్ల పుట్టింది.

పిల్ల ఏమంత లేదు, అరచేతిలో ఇమిడేట్టుంది. అత్త ఒళ్లు తుడిచి, తల్లి రొమ్ముకు ఆనించి, ఉన్న బట్టలన్నీ కప్పింది. అయినా వేడి పుట్టలేదు. ఏడుపు సన్నబడి మూలుగైంది. బండిలో హీటర్ లేదు.

"చాచా, దీని కాళ్లు మంచు లెక్కున్నయ్. ఏమన్న చెయ్యి," అంది ముస్కాన్.

ముత్తెన్న బండి ఆపి దూకాడు. ఒక టైరు నుంచి ఇంకో టైరుకు గాలి ఎక్కించే పొడుగు పైపు తీసి ముందు స్టెప్నీ దగ్గరికే పరుగెత్తాడు. మూతి నొక్కితే చల్లటి గాలి చేతికి కొట్టింది. నోటికొచ్చినట్టు తనను తానే తిట్టుకున్నాడు. వెనక్కి పోయి జోడు చక్రాల్లో ఒకదానికి పైపు తగిలించి, రెండో కొస క్యాబిన్ కిటికీలోంచి లోపలికి పెట్టాడు.

మే నెల మధ్యాహ్నం బుస్సున లోపలికొచ్చింది. వెంట వేడి దుమ్ము వాసన, కాస్త తొక్కు వాసన కూడా. అద్దాల మీది చెమ్మ ఆరిపోయింది. అత్త తలమీది శాలువా తీసేసింది. పిల్ల కాళ్లు ఎర్రబడి, ఒక్కసారి గట్టిగా ఏడ్చింది.

సీట్లో కూర్చునేసరికి పసుపు దీపం వెలుగుతోంది. ఖాళీ బండి, పక్క చక్రం మోస్తుందిలే అని ధైర్యం చెప్పుకుని ముత్తెన్న గేరు వేశాడు. పిట్లం దగ్గర పిల్ల మళ్లీ చల్లబడితే ఇంకోవైపు జోడు చక్రాల్లో ఒకదాని గాలి కూడా లోపలికి వదిలాడు. అక్కణ్ణించి అద్దంలోంచి రోడ్డునే చూశాడు తప్ప ఆ పసుపు దీపం వైపు కన్నెత్తలేదు.

బాన్సువాడ దవాఖానలో నర్సు నాగేశ్వరమ్మ పిల్ల పాదాలు తాకి చూసింది.

"రౌఫ్ భాయ్ గాలేనా?"

"గదేనమ్మా," అన్నాడు ముత్తెన్న.

"బతికించారు. చల్లబడి వచ్చుంటే చేతికి దక్కేది కాదు," అని ఆమె పిల్లను తూకం వెయ్యడానికి తీసుకుపోయింది.

బయట రౌఫ్ ఆ మాట విని లారీ దగ్గరికి నడిచాడు. చప్పబడిపోయిన టైరు పక్కన కూలబడి, దాని మీద రెండు చేతులూ పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ముత్తెన్న భుజం పట్టి లేపబోతే ఆ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"నీ గాలే భాయ్. నేను తోలుకొచ్చిన, అంతే," అన్నాడు ముత్తెన్న. దండం ఎవరికి పెట్టాలో తోచలేదు. ఎండకా, దేవుడికా, ఏటా పడుకోకుండా ఆ మండుటెండలో నిలబడ్డ ఈ మనిషికా? మనసులో అందరికీ కలిపి పెట్టుకున్నాడు.

కాసేపటికి హఫీజా పిల్లను గుడ్డలో చుట్టి తెచ్చి, మొగుడిని దాటుకుని ముత్తెన్న ముందు నిలబడింది.

"ముందుగాల నువ్వెత్తుకో అన్నా."

గ్రీజు చేతులు చొక్కాకు తుడుచుకుని అందుకున్నాడు. చుట్టూ జనం మఫ్లర్లు బిగించుకుని పొగలు కక్కుతున్నారు. పిల్ల నుదుటి మీద మాత్రం సన్నటి చెమట పట్టింది.

"ఉక్క పోస్తున్నట్టుంది దీనికి," అని హఫీజా కొంగు తీసి విసరసాగింది.