నయమైన మోకాలు

ముప్పై ఎనిమిది బెంచీల్లో ఇరవై ఆరోదాని కింద తడిగుడ్డ లాగుతుండగా చర్చి తుడిచే ఆయమ్మ మోకాలు మళ్లీ పట్టేసింది. ఒక కాలు చాపి, ఒక కాలు సగం మడిచి, బెంచీని పట్టుకుని అలాగే కూలబడింది. ఇక పైకి లేవాలంటే ప్రభువైనా దిగి రావాలి, బెంచీ అయినా విరగాలి. ఏది ముందు జరుగుతుందో తెలియదు కాబట్టి ఈలోపు ఆమె మాటల్లో పడింది.

"అయ్యా, ఈ బెంచీ కింద చూయింగ్ గమ్ అంటించినవాడెవడో నీకు తెలుసు. వాడికి మంచి బుద్ధి ఇవ్వు. లేదంటే వాడి ప్యాంటుకే అంటుకునేలా చూడు. రెండూ నీకు చేతనైన పనులే."

ఆయమ్మ ప్రార్థన ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. ఆమె మోకాళ్లూని రెండేళ్లయింది. నొప్పి తీసెయ్యమని ఏడాదిపాటు అడిగింది. ఆయన తీసెయ్యలేదు. అలిగి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు గుడ్డ పిండుతూ తనే మాట కలిపింది. ఎవరో ఒకరు తగ్గాలి కదా. అప్పటినుంచి వాళ్లిద్దరి మధ్యా దాపరికాల్లేవు.

"ఏమ్మా, అయిందా?" అంటూ చర్చి సెక్రటరీ వచ్చాడు. తుడిచిన మేరంతా ఏరి ఏరి తొక్కుకుంటూ వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కాగితం.

ఆ కాగితం సంగతి చెప్పాలి. ఏటా ఒక ఆదివారం బిషప్పుగారు వస్తారు. ఆ రోజు చర్చివాళ్లలో ఒకరు మైకు ముందు నిలబడి, తమ జబ్బును ప్రభువు ఎలా నయం చేశాడో సాక్ష్యం చెప్పాలి. ఎవరి నోట ఏం వస్తుందోనన్న భయంతో వెనకటికి ఒక పెద్దాయన సాక్ష్యమంతా ముందే రాసిపెట్టాడు. అప్పటినుంచీ అందరికీ అదే సాక్ష్యం. పేరూ జబ్బూ మాత్రం పెన్సిలుతో రాసి, మరుసటి ఏడు రబ్బరుతో చెరుపుతారు. ఆ కాగితం ఇప్పటికి ఎన్ని జబ్బులు నయం చేసిందంటే, ఊళ్లో ఆసుపత్రులు ఇంకా ఎందుకు తెరుస్తున్నారో డాక్టర్లకే తెలియాలి. చెరిపి చెరిపి, జబ్బు రాసేచోట చిల్లు పడింది.

"రేపు నువ్వే," అన్నాడు సెక్రటరీ. "మోకాళ్లని రాశాను."

"నయం కాలేదండి."

"అవుతుందిలే. ముందు చెప్పు."

"లేవలేకే కింద కూర్చున్నానండి ఇప్పుడు."

"అందరూ ఇలాగే అంటారమ్మా. పోయినేడు టైలరు అనలేదా? చివరికి చక్కగా చదివాడు. ఇది మన ఆచారం, నీ ఒక్కదానికోసం ఆపలేం." గొంతు తగ్గించాడు. "నెలాఖరుకి నీ ఉద్యోగం సంగతి కమిటీ ముందుకొస్తోంది. గదీ దాంతోపాటే. విశ్వాసం లేని మనిషికి చర్చి ఆవరణలో చోటెందుకని ఎవరన్నా అడిగితే నేనేం చెప్పను?"

గది అంటే చర్చి వెనక, రెండు మంచాలు పడితే నడవడానికి పక్కకు తిరగాల్సిన గది. ఆయమ్మ జీతం నెలకు ఆరు వేలు. బయట అలాంటి గదికి అయిదు వేలు అడుగుతున్నారు. ఉద్యోగం నిలిచి గది ఒక్కటే పోయినా, మిగిలిన వెయ్యితో ఆయమ్మా, ఆమె అత్తా నెలంతా విశ్వాసం మీదే బతకాలి.

ఆ సాయంత్రం తలుపు చప్పుడవగానే గదిలో అత్త గబుక్కున కళ్లజోడు తీసి దిండు కింద దాచింది. వచ్చింది కోడలేనని తెలిశాక మళ్లీ పెట్టుకుని, చిరిగిన జాకెట్టు కుట్టుకోసాగింది.

అత్తకు ఆరేళ్ల కిందట కళ్లు నయమయ్యాయి. ఆ కాగితం ఆమెకు కనిపించకపోతే కోడలే చదివి బట్టీ పట్టించింది. నయమైన కళ్లకు జోడు పెట్టకూడదు గనక, అప్పటినుంచి చర్చిలో పాటల పుస్తకం ఒక్కోసారి తలకిందులుగా పట్టుకుని పాడుతుంది. పక్కవాళ్లు చూస్తారు, ఏమీ అనరు. వాళ్లలోనూ నయమైనవాళ్లున్నారు.

సంగతంతా విని, "చదివెయ్యవే," అంది అత్త. "నాలుగు నిమిషాల పని."

"ఆ తర్వాత? నయమైనదాన్నని ముందు వరస బెంచీలో కూర్చోవాలి. ప్రార్థన అన్నప్పుడల్లా మోకాళ్లూనాలి. మంగళవారం ఎముకల డాక్టరు రమ్మన్నాడు, అటువైపు తొంగి కూడా చూడకూడదు."

"మంగళవారం పోకపోతే చస్తావా?"

"చావను. కుంటుతాను."

"మీ మామ తాతల నాటినుంచీ చర్చి మాట కాదన్నవాళ్లు లేరు మనింట్లో. నువ్వేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డావా?"

ఆయమ్మ మోకాలికి నూనె రాసుకుంటూ అడిగింది. "ఆ రోజు చదివాక నీకెలా అనిపించింది అత్తా?"

అత్త ఇంకో నాలుగు కుట్లు వేసింది. "ఏముంది, అందరూ చప్పట్లు కొట్టారు," అంది. "ఇంటికొచ్చి ప్రార్థన చేసుకుందామంటే మాట రాలేదు. ఎదురుగా ఆయనున్నాడంటే సిగ్గేసింది. అప్పటినుంచి పాటలు పాడతానంతే."

దారం పళ్లతో తెంపి, "గది పోతే ఎక్కడికి పోతామే?" అంది. ఆయమ్మ నూనె సీసాకు మూత బిగించింది.

ఆదివారం చర్చి నిండింది. పేరు పిలవగానే సెక్రటరీయే చెయ్యి పట్టుకుని ఆయమ్మను వేదిక ఎక్కించాడు. బిషప్పుగారు చిరునవ్వుతో తల పంకించారు. ఆయమ్మ కాగితం విప్పింది.

"నేను ఎంతోకాలంగా మోకాళ్ల నొప్పితో బాధపడుతున్నాను," అని చదివి ఆగింది. "ఇంతవరకూ నిజమేనండి."

ఎవరో నవ్వబోయి దగ్గారు.

"మిగతాది చదవనండి. నొప్పి తగ్గలేదు. నేనూ ఆయనా రోజూ మాట్లాడుకుంటాం, ఈ బెంచీల కిందే. నాకు మొహమాటం లేకుండా మాట్లాడుకోవడానికి ఉన్నది ఆయనొక్కడే. ఆయన చెయ్యని పని చేశాడని ఆయన ఇంట్లోనే చెప్పి, రేపు గుడ్డ పట్టుకుని వచ్చి ఏమని పలకరించను?"

సెక్రటరీ పక్కకు వంగి, "గది సంగతి ఆలోచించుకో," అని గొణిగాడు. మైకు చాలా మంచిది. ఆ మాట చిట్టచివరి బెంచీ దాకా స్పష్టంగా వినిపించింది.

"ఆలోచించుకునే వచ్చానండి," అంది ఆయమ్మ. కాగితాన్ని మళ్లీ కవరులో పెట్టి ఆయన చేతికిచ్చింది.

సాక్ష్యం అవగానే పాట మొదలవ్వాలి. కీబోర్డాయన వేళ్లు గాల్లో పెట్టుకుని సెక్రటరీ వైపు చూశాడు. సెక్రటరీ బిషప్పుగారి వైపు చూశాడు. బిషప్పుగారు తన బూట్లవైపు చూసుకుంటున్నారు.

వేదికకు మెట్లు మూడే. ఎక్కించిన చెయ్యి దించడానికి రాలేదు. ఆయమ్మ పక్కనున్న కమ్మీ పట్టుకుని ముందు నొప్పి కాలు దించింది. పళ్లు బిగించి, రెండో కాలు దాని పక్కకు తెచ్చుకుంది. చర్చి అంతా ఆ మోకాలినే చూస్తోంది. ఆమె అక్కడ కాసేపు ఆగి, ఊపిరి తీసుకుంది.

ఇంకా రెండు మెట్లున్నాయి.