సుడిదోమ చెప్పిన పాఠం

పావని తుమ్మితే చాలు, సోమేశ్ చొక్కా తగిలించుకుని మందుల షాపుకు బయల్దేరేవాడు. తొంభై ఎనిమిదిలో, నర్సీపట్నంలో కాపురం పెట్టిన కొత్త జంట. డాక్టరు చీటీ అడక్కుండానే షాపులో ఇచ్చే ఎర్రా పసుపూ గొట్టం బిళ్లలను మల్లెపూల పొట్లంతో కలిపి తెచ్చి, నీళ్ల గ్లాసు కూడా తనే అందించేవాడు. డిగ్రీ చదివిన పావనికి మందు కన్నా మందిచ్చే చెయ్యి ముద్దొచ్చేది. జలుబు తగ్గగానే మిగిలినవి పోపులపెట్టె పక్కన దాచి, మళ్లీ గొంతు గరగరమంటే రెండు మింగేది. మనలో ఎన్ని ఇళ్లలో జరగడం లేదిది?

మూడోసారి మింగిన వారానికి ఆమెకు లోపల దురద, మంట, విరిగిన పాలలా తెల్లబట్ట మొదలయ్యాయి. ఏదో చెడ్డ రోగమనుకుని, దాచిన బిళ్లలన్నీ మింగేసింది. మంట ఇంకా పెరిగింది. భర్త తనను అనుమానిస్తాడేమోనని అతని పక్కన కూర్చోవడమే మానేసింది. తనంటే ఇష్టం పోయిందేమోనని సోమేశ్ చిన్నబోయాడు. ఆ రోజు తెచ్చిన పూల పొట్లం విప్పకుండానే వాడిపోయింది.

ఆ పొట్లాన్ని చూసింది, వాళ్లతోనే ఉంటున్న అత్తగారు అప్పయ్యమ్మ. గొలుగొండలో ఇరవయ్యేళ్లు వరి పండించిన మనిషి, బడి మెట్టు ఎక్కలేదు.

“ఏటయ్యిందో సెప్పు తల్లీ. నానూ ఆడదాన్నే కదా.”

పావని ఏడుస్తూ చెప్పింది. ఆవిడ మొహం చిట్లించలేదు. మర్నాడు కోడలిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది, కొడుకునూ వెంట రమ్మంది.

ఇది చెడ్డ రోగం కాదనీ, ఎందరో ఆడవాళ్లకు వచ్చేదేననీ డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఒంట్లోని మంచి క్రిములు ఈస్ట్ అనే బూజును అదుపులో ఉంచుతాయట. పావని మింగిన గొట్టం బిళ్లల్లోని యాంటీబయాటిక్ ఆ మంచి క్రిములను చంపేసరికి, ఆ మందుకు చావని ఈస్ట్ పెరిగిపోయిందట. మామూలు జలుబుకైతే ఆ బిళ్లలు పనే చేయవట. బూజుకు వేరే మందు రాసిచ్చింది.

సోమేశ్ అయోమయంగా చూశాడు.

“మన వరిమడి మర్సిపోనావేట్రా?” అంది అప్పయ్యమ్మ. “అక్కర్నేకుండా మందు కొట్టీసినాం. దోమని తినీసే సాలెపురుగులు సచ్చిపోనాయి. దుబ్బు మొదట్లో నక్కి రసం పీల్సే సుడిదోమ మిగిలిపోయి, సేనంతా ఊడ్సేసినాది. ఇదీ అంతే.”

డాక్టరమ్మ కలం ఆపింది. “ఇకమీదట అందరికీ మీ మడి సంగతే చెబుతానమ్మా.”

పది రోజుల్లో పావని తేరుకుంది. ఆమె మళ్లీ తుమ్మిననాడు సోమేశ్ చొక్కా తగిలించుకుని, తల్లి వైపు ఒకసారి చూసి, మల్లెపూలు మాత్రమే తెచ్చాడు. అప్పటికే పొయ్యి మీద మిరియాల పాలు మరుగుతున్నాయి.

డాక్టరు చెప్పనిదే యాంటీబయాటిక్ మింగరాదనీ, ఒంటి బాధను సిగ్గుతో దాచరాదనీ డిగ్రీ చదివిన కోడలికి నేర్పింది, మడి చదివిన ఆ అత్తగారే.