పళ్ళ డబ్బాలో సిపాయి

నేను ఒక సిపాయిని. నిలబడితే రెండంగుళాల ఎత్తు. భుజాల మీద గుమ్మడికాయల్లాంటి కవచాలు, చేతిలో నా నడుమంత లావు తుపాకీ, పాదాల కింద పేరు తెలియని ఏదో గ్రహం తాలూకు ఎర్రమట్టి. హెల్మెట్ లేదు. నోరు బార్లా తెరిచి ఎవరి మీదో అరుస్తూ ఉంటాను. ఎవరి మీద అని అడగకండి, పుట్టిన ఏడాది దాకా నేను శత్రువు ముఖమే చూడలేదు. ఇంకో మాట. నిలబడితే రెండంగుళాలు అన్నాను గానీ, అందులో పదకొండు నెలలు నేను వెల్లకిలా పడుకునే గడిపాను.

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద ఉన్న కట్టుడు పళ్ళ ల్యాబులో పుట్టాను. దంతవైద్యులు రోగుల నోటి కొలతలు పంపితే ఇక్కడ పళ్ళు తయారు చేసి పంపుతారు. అందుకోసం ఒక ప్రింటర్ ఉంది. దాని తొట్టిలో లేత బిస్కెట్ రంగు జిగురు పోస్తారు. ఊదా వెలుగు పడినచోటల్లా ఆ జిగురు పొరలు పొరలుగా గట్టిపడి దవడ నమూనా అవుతుంది. ఒకరోజు ఆ నమూనాలు అంటుకుని వేలాడే పలక మీద ఒక మూల ఖాళీ మిగిలితే అక్కడ నన్ను వేశారు. తలకిందులుగా వేలాడుతూ, నాలుగు గంటల్లో, నరసరావుపేట పెద్దమనిషి ఒకాయన కింది దవడ పక్కన నేను తయారయ్యాను. పుట్టగానే స్పిరిట్‌లో ముంచి కడిగారు. తర్వాత వెలుగుపెట్టెలో పెట్టి మూత వేశారు. మూతలతో నా పరిచయం అలా మొదలైంది.

నన్ను వేసినవాడు షేక్ నాగుల్ మీరా. ముప్పై నాలుగేళ్ళవాడు, ఆ ల్యాబులో పెద్ద పనివాడు. పంటి రంగు కలపడంలో అతనికి సాటి లేరని యజమాని కోటిలింగం గారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు. టీ తాగేవాళ్ళ పళ్ళది ఒక రంగట, చుట్ట కాల్చేవాళ్ళ పళ్ళది ఇంకో రంగట. అవన్నీ మీరా కళ్ళతోనే పట్టేస్తాడు. ఈ మీరాకు ఒక పిచ్చి ఉంది. ఎప్పుడో రాబోయే కాలంలో గ్రహాల మధ్య జరిగే యుద్ధాల బొమ్మ సిపాయిలను చేసి, రంగులు వేసి, దళాలుగా కూర్చి, ఆదివారాలు బల్ల మీద పాచికలు వేస్తూ ఆడటం. అతనితో ఆడేవాడు ప్రభుదాసు, అరండల్‌పేటలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. సెలవు రోజు క్లాసురూములో నాలుగు బెంచీలు కలిపి, ఆకుపచ్చ గుడ్డ పరిచి, థర్మోకోల్ శిథిలాలు నిలబెట్టి, టేపు పట్టుకుని అంగుళాలు కొలుచుకుంటూ ఇద్దరూ లోకం మరిచిపోతారు. పెళ్ళాం పిల్లలున్న మగవాళ్ళు ఇలా కొట్టుకోవడం చూసి మీరు నవ్వుకోవచ్చు. నిజం యుద్ధాలు చేసేవాళ్ళకంటే వీళ్ళే నయం అని నా అభిప్రాయం.

మీరా మాది పదిమంది దళంగా తలపెట్టాడు. ధూమకేతు దళం అని పేరు పెట్టాడు. తొమ్మండుగురు అన్నలకు త్వర త్వరగా రంగులు వేసేశాడు. నా దగ్గరికి వచ్చేసరికి అతనికి ఏమైందో తెలియదు, చెయ్యి నిదానించింది. ముందు ఒళ్ళంతా నల్లరంగు పట్టించాడు. టిఫిన్ డబ్బా మూతలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపరు పరిచి, రంగుల్ని పాలంత పలచగా చేసుకుని, పొర మీద పొర వేశాడు. కవచం అంచులకు వెంట్రుకవాసి వెలుగు గీతలు లాగాడు. ముప్పై ఒక్క రోజులు పట్టింది. ఆఖరున నా నోటి దగ్గరికి వచ్చాడు. రోజంతా ఒకే వరస పళ్ళు పేర్చే మనిషి కదా. డాక్టర్లు పంపే చీటీల మీద ఎప్పుడూ "వరుసగా, తెల్లగా" అనే ఉంటుంది. ఆ విసుగంతా నా నోట్లో తీర్చుకున్నాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, పంటి మీద పనిచేసే సన్నటి కుంచెతో, నాకు కాస్త పచ్చటి పళ్ళు పెట్టాడు. ముందు పళ్ళు రెండింటి మధ్య సందు వదిలాడు. పక్కది కొంచెం అడ్డం తిప్పాడు. అంత చిన్న నోట్లో అంత నిజమైన పళ్ళు ఇంకెవరికీ ఉండవు.

అదే నా కొంప ముంచింది. అంత బాగా కుదిరిన నన్ను ఆటకు తీసుకువెళ్ళడానికి అతనికి మనసొప్పలేదు. పళ్ళ సెట్లు పెట్టి పంపే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసి, దూది పరిచి, నన్ను పడుకోబెట్టి, పారదర్శకమైన మూత నొక్కేశాడు. అతని బల్ల మీద దీపం పక్కన నా చోటు. ఆ మూతలోంచి నాకు కనిపించేది ఒక ట్యూబులైటు, బూజు పట్టిన ఫ్యాను రెక్క. పదకొండు నెలలు వాటినే చూశాను. ఆదివారం ప్రభుదాసు వచ్చి దళం పెట్టె పట్టుకెళ్ళి, మీరా రాకపోతే తన స్టూడెంట్లతో ఆడేవాడు. ఆ పెట్టెలో ఫోముకు పది గుంటలు కోసి ఉన్నాయి. తొమ్మిదిట్లో మా అన్నలు, నాదైన పదో గుంటలో పాచికలు.

"వీణ్ణి కూడా ఇవ్వు మీరా. పదోవాడు లేక ప్రతిసారీ దళం కుంటుద్ది."

"వద్దులే ప్రభూ, గీతలు పడతయ్."

"నువ్వన్నా రా మరి."

"నాకెక్కడ కుదురుద్దయ్యా, అర్జెంటు పనుంది."

అదీ సంగతి. మీరా పరిస్థితీ నా పరిస్థితీ ఒకటే. చెయ్యి మంచిదని అతన్ని ఎవరూ వదలరు. మిగతా పనివాళ్ళకు ఆదివారం ఉంది. "నువ్వయితేనే కుదురుద్ది మీరా" అని కోటిలింగం గారు భుజం తట్టి వెళ్ళిపోతే, ఆ మెప్పుకు మురిసిపోయి మనవాడు కూర్చుండిపోతాడు. నన్ను దూదిలో పెట్టినట్టే అతన్ని మెప్పులో పెట్టారు. ఎవరి మూత వాళ్ళకు కనిపించదు, నాది పారదర్శకం కాబట్టి అతని మూత నాకు కనిపించింది. తొమ్మండుగురు అన్నలూ సాయంత్రానికి ఒళ్ళంతా గీతలతో తిరిగి వచ్చేవారు. మీరా వాళ్ళను దీపం ముందు ఎత్తి చూస్తుంటే నాకు కుళ్ళు. దాచుకోవడమెందుకు, ఏడుపే వచ్చేది.

ఇలా ఉండగా ప్రభుదాసుకు శ్రీకాకుళంలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఇంకా నాలుగు ఆదివారాలే మిగిలాయి. "ఒక్కటన్నా మనిద్దరం ఆడాలి" అన్నాడు. మీరా తప్పకుండా అన్నాడు. సరిగ్గా అప్పుడే హైమవతి గారి పళ్ళు వచ్చిపడ్డాయి.

హైమవతి గారు ముప్పై ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల పేర్లు చెప్పి రిటైరైన మనిషి. ఉన్న పళ్ళన్నీ తీయించుకుని ఐదు నెలలైంది. పళ్ళను ముందు మైనంలో అమర్చి పంపుతారు, పేషెంటు పెట్టుకు చూసి సరేనంటేనే గట్టి సెట్టు చేస్తారు. మీరా అమర్చి పంపిన మొదటి సెట్టు తిరిగి వచ్చింది. ఆమె అన్న మాట చీటీ మీద రాసి ఉంది: "ఇవి నా పళ్ళు కావు." కట్టుడు పళ్ళు తనవెలా అవుతాయని ల్యాబంతా నవ్వారు. ఒక ఆదివారం పోయింది. రెండోది ఇంకా వరుసగా, ఇంకా తెల్లగా అమర్చాడు. మళ్ళీ అదే మాటతో తిరిగి వచ్చింది. రెండో ఆదివారం కూడా పోయింది. మూడో ఆదివారం ఒంటరిగా కూర్చుని మూడో సెట్టు పేరుస్తూ, అలిసిపోయి, ఎన్నడూ చెయ్యి తప్పని నాగుల్ మీరా పొరబడ్డాడు. బల్ల మీద ఒకే రకం డబ్బాలు రెండున్నాయి. హైమవతి గారి పేరున్న స్టిక్కరు నా డబ్బాకు అంటించాడు.

సోమవారం పొద్దున డాక్టర్ ప్రసూన క్లినిక్‌లో నా మూత తెరుచుకుంది. చిన్న వయసు డాక్టరు. నన్ను చూసి, స్టిక్కరు మీద పేరు మళ్ళీ చదువుకుంది. కుర్చీలో వాలి ఉన్న హైమవతి గారు కళ్ళజోడు సవరించుకుని తొంగి చూశారు. బోసి నోటితో మాట కాస్త నలుగుతోంది.

"నా పళ్ళు వీడు పెట్టుకున్నాడా ఏందమ్మా?"

అని ఆమె నవ్వారు. ఐదు నెలలుగా నోటికి అడ్డం పెట్టుకుంటున్న చీరకొంగు జారిపోయిందని కూడా చూసుకోలేదు. నన్ను అరచేతిలోకి తీసుకుని డాక్టరు దీపం కింద పెట్టి, ఆమె భూతద్దం అడిగి పుచ్చుకుని నా ముఖంలోకి చూశారు. నవ్వు ఆగిపోయింది.

"డాక్టరమ్మా, వీడి ముందు పళ్ళ మధ్య సందుంది చూశారా? నాకూ అట్టాగే ఉండేది."

"మీరెప్పుడూ చెప్పలేదేమ్మా."

"ఎవరడిగారు? పళ్ళెట్టా ఉండాలంటే బాగుండాలన్నా. మీరు పంపినవి బాగానే ఉన్నయ్. పెట్టుకుని సత్తెనపల్లి అంటే మాత్రం ఎవరో అన్నట్టుంది. నేను 'స' అంటే సన్నగా ఈల వచ్చేది. మైకులో ఆ ఈల విని, హైమవతి డ్యూటీలో ఉందని కండక్టర్లు చెప్పుకునేవాళ్ళు. ఆ ఈల ఏమైందో, ఎందుకు పోయిందో నాకే తెలీలా. ఇదుగో, ఇప్పుడు తెలిసింది."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు గర్వంగా అనిపించింది, ఒప్పుకుంటాను. డాక్టరు మీరాకు ఫోను చేసి జరిగింది చెప్పి, నన్ను డబ్బాలో పెట్టబోయింది. హైమవతి గారు నన్ను గుప్పిట్లో బిగించారు.

"నా సందు నాకొచ్చిందాకా వీడు నా దగ్గరే ఉంటాడని చెప్పండి ఆ అబ్బాయితో. మళ్ళీ మూడుసార్లు తిప్పితే నా వల్ల కాదు."

అలా నేను యుద్ధం చూడకుండానే యుద్ధఖైదీనయ్యాను. ఆమె చేతిసంచిలో ఐదు రోజులు. ట్యూబులైటు కూడా లేదు. తాళాలగుత్తి, బీపీ మాత్రల అట్ట, యాలక్కాయల పొట్లం, వాటి మధ్య నేను. ఆమె నడిచినప్పుడల్లా తాళాలు నా మీద పడేవి. నా ఎడమ భుజం రంగు పెచ్చు లేచింది. ఆటో ఒక గుంతలో దిగినప్పుడు నా తుపాకీ కొస టక్కున విరిగింది. పళ్ళ నమూనాల జిగురుతో పుట్టిన ఒళ్ళు, పెళుసు కదా. ముప్పై ఒక్క రోజుల పని అలా రాలిపోతుంటే నాకు భయం వేసింది. ఇక మీరా నన్ను చెత్తబుట్టలో వేస్తాడనుకున్నాను. ఆ చీకట్లో అప్పుడప్పుడు ఆమె గొంతు వినిపించేది. ఇంట్లో ఒక్కరే కూర్చుని "సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, మాచర్ల" అని పళ్ళు లేకుండానే సాధన చేసేవారు.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ క్లినిక్. ఈసారి మీరా కూడా వచ్చాడు. ఆ వారమంతా అతను ఎంత సంబరంగా పని చేశాడో తర్వాత ల్యాబులోవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. పదమూడేళ్ళ ఉద్యోగంలో వంకర కావాలని అడిగిన మనిషి ఈమె ఒక్కరే. డాక్టరు సెట్టు నోట్లో అమర్చింది. హైమవతి గారు ఒకసారి నాలుకతో తడుముకుని, గొంతు సవరించుకుని, వెనకటి ధోరణిలో అన్నారు.

"సత్తెనపల్లి మీదుగా మాచర్ల పోవు బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది."

మూడు చోట్ల ఈల వచ్చింది. ఆమె వెంటనే సంచిలో చెయ్యిపెట్టి నన్ను తీసి మీరా చేతిలో పెట్టారు. అప్పుడు నా భుజం చూసి నొచ్చుకున్నారు. "పాడైపోయాడయ్యా వీడు. తాళాలున్నయ్యని చూసుకోలా."

మీరా నన్ను తిప్పి తిప్పి చూశాడు. "పర్లేదమ్మా" అన్నాడు గానీ ల్యాబుకు వచ్చేదాకా పెచ్చు లేచిన చోటునే బొటనవేలితో తడుముతూ ఉన్నాడు. రాగానే దీపం వెలిగించి, టిఫిన్ డబ్బా మూత తీసి, నా భుజానికి రంగు కలపసాగాడు. అచ్చం అదే రంగు కుదురుతుందని నాకు తెలుసు. గీత గీతా మాయమవుతుంది. తర్వాత దూది, మూత, ఫ్యాను రెక్క. వద్దు మీరా అని అరిచాను. నేను ఎప్పుడూ అరుస్తూనే కదా ఉంటాను, అతనికి తేడా ఏం తెలుస్తుంది.

కుంచె నా భుజాన్ని తాకబోతుండగా కోటిలింగం గారు లోపలికి వచ్చారు.

"మీరా, హైమవతి గారు తెగ మెచ్చుకున్నారంటయ్యా. ఆమె సంగతి విని ఇంకో డాక్టరు కేసు పంపాడు. రేపొక్కరోజు కూర్చో. నువ్వయితేనే కుదురుద్ది."

మీరా తల ఎత్తలేదు. చేతిలో కుంచె, ఎదురుగా గీతలు పడ్డ నేను. కాసేపటికి కుంచెను నీళ్ళలో వేశాడు.

"రేపు రాను సార్. సోమవారం చేస్తా."

"ఏంది, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. రేపు ఆటుంది."

కోటిలింగం గారికి ఆ మాట అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆయన వెళ్ళాక మీరా పెట్టె తెరిచి, పదో గుంటలోంచి పాచికలు తీసి జేబులో వేసుకుని, నన్ను అందులో నిలబెట్టాడు. అటూ ఇటూ అన్నలు. వాళ్ళ పక్కన నా గీతలు పెద్దగా ఏం కనబడలేదు.

ఆదివారం ఆకుపచ్చ గుడ్డ మీద నిలబడ్డాను. కిటికీలోంచి నిజమైన ఎండ. ఎదురుగా థర్మోకోల్ గోడల వెనక ప్రభుదాసు సైన్యం. శత్రువు ముఖం చూశాను, ఏమంత భయంకరంగా లేదు. మీరా నన్ను ఆరంగుళాలు ముందుకు జరిపాడు. ప్రభుదాసు టేపుతో కొలిచి, పాచికలు వేశాడు. రెండు ఆర్లు పడ్డాయి.

"మీ పదోవాడు పోయాడు మీరా. పదకొండు నెలలు దాచి దాచి తెచ్చింది ఇందుకా?"

మీరా పగలబడి నవ్వాడు. అతను అలా నవ్వగా నేను వినడం అదే మొదటిసారి. నన్ను తీసి, చచ్చినవాళ్ళను పెట్టే బెంచీ చివర, తన ఫోను పక్కన పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. కాసేపటికి ఫోను మోగింది. తెర మీద కోటిలింగం గారి పేరు నాకు స్పష్టంగా కనిపించింది, మీరాకూ కనిపించింది. అతను ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఒక క్షణం నన్ను చూశాడు. ఫోనును బోర్లా పెట్టి, పాచికల కోసం చెయ్యి చాచాడు.

మళ్ళీ పడుకునే ఉన్నాను, అది నిజమే. భుజం పెచ్చు లేచి, తుపాకీ విరిగి, యుద్ధంలో పది నిమిషాలైనా నిలవకుండా చచ్చిపడి ఉన్నాను. కానీ నా మీద మూత లేదు. చచ్చిపడి ఉండటం ఇంత హాయిగా ఉంటుందని అన్నలు ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు.