గుక్కెడు నీళ్లు

తమ్ముడి కాలేయం చెడిపోయింది, డాక్టర్లు చేతులెత్తేశారు. దేవుణ్ణి నమ్మకుండానే పోతాడేమోనని అక్కకు బెంగ. రోజూ ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. ఆ మధ్యాహ్నం అతను నీళ్లడిగాడు. ఆమె గ్లాసు అందించబోయి ఆగింది.

"ఒక్కసారి ప్రభువా అనరా, ఇస్తాను."

"నీళ్లు తాగాలన్నా బాప్తిస్మం తీసుకోవాలా అక్కా?" నవ్వబోయి దగ్గాడు.

"నీ మంచికేరా. మొండికేయకు."

అతను గోడవైపు తిరిగాడు. వాడే దారికొస్తాడులే అనుకుని ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి అతనికి ఊపిరి లేదు.

కబురు విని పాస్టరుగారు వచ్చారు. "చివర్లో ప్రభువును క్షమాపణ అడిగాడా అమ్మా?"

"నన్ను నీళ్లడిగాడండీ," అంది అక్క. "నేనివ్వలేదు."