నరకం గోడ

తాడ్వాయి దాటినంక ఎల్లారెడ్డి రోడ్డు పక్కన కొత్తగ గుడి కట్టిన్రు. గర్భగుడికి ఎదురుంగ ఉన్న గోడ మీద నరకం గియ్యాలన్నది గుడి కట్టించిన పర్శరాములు పటేలు హుకుం. జనానికి భయం లేకుండ పోయిందట. భయం ఉంటెనే భక్తి ఉంటదట.

గీసినోడు కామారెడ్డి రాజేశం. అతని అసలు పని సమాధుల మీద సచ్చిపోయినోళ్ల బొమ్మలు గీసుడు. చుట్టుపక్కల ఊర్లల్ల ఏ చెలక గట్టున సమాధి చూసినా దాని మీది మొకం రాజేశం చేతిదే. ఏండ్లకేండ్లు సచ్చినోళ్లనే గీసిన చెయ్యి అది. బతికున్నోళ్ల మొకం దానికి రాదు. నరకంల పాపులకు మొకాలు పెట్టమంటే, ఆ చెయ్యి తనకొచ్చినవే పెట్టింది. రాజేశానికి ఆ సోయి లేదు. మంట రంగు కుదిరిందా లేదా అన్నదే చూసుకున్నడు.

నూనె కొప్పెరల ఉడుకుతున్నోని మొకం భీమేష్‌ది. కింద ఎర్రటి అక్షరాలు: ఆత్మహత్య చేసుకున్నవారికి సూర్యచంద్రులున్నంత కాలం ఇదే శిక్ష.

భీమేష్ దేవవ్వ కొడుకు. పోయిన ఎండకాలం, ఆఖరి బోరు గూడ ఎండినంక, చేన్లనే మందు తాగిండు.

గోడ చూడ వచ్చిన జనంల దేవవ్వ గూడ ఉంది. కొడుకును గుర్తువట్టింది. ఏడ్వలే. కొంగు తడుపుకొచ్చి ఆ మొకాన్ని తుడువబట్టింది.

"ఏం జేస్తున్నవ్ దేవవ్వా?" పటేలు ఉరికొచ్చిండు.

"నా కొడుకు పటేలా. కాలుతుండు."

"బొమ్మ అది."

"బొమ్మనే అయితె తీసేయరాదు?"

"నేను రాసిన శాస్త్రమా తీసెయ్యనీకి? పానం దేవుడిచ్చిండు. మనంతట మనం తీసుకుంటె గిట్లనే అయితది."

"ఎన్నొద్దులు?"

"రాసుంది గదా. సూర్యచంద్రులున్నంత కాలం."

దేవవ్వ తడి కొంగు పిండుకున్నది. "వాడు బడి ఎగ్గొడితె చింతబరికె ఇరిగెదాక కొట్టేదాన్ని పటేలా. మల్ల నేనే అన్నం కలిపి పెట్టేదాన్ని. వాడు తినకుంటె నాకు ముద్ద దిగకపోయేది. మీ దేవునికి ఎట్ల దిగుతది?"

"దేవునితోని నీకు పోలికనా?"

"నాకంటె మంచోడంటిరి. అందుకే అడిగిన."

పటేలు పెద్దమనుషులు చేసేదే చేసిండు, గొంతు పెంచిండు. "కొడుకు మీద అంత పావురముంటె నువ్వు గూడ వానితోనే పో."

"పోత" అన్నది దేవవ్వ.

సక్కగ రాజేశం దగ్గరికి పోయింది. బ్రష్షులు కడుగుతున్నోడు లేచి నిలబడ్డడు.

"అవ్వా, కావాలని గియ్యలే. చెయ్యికి అట్ల వచ్చింది. పొద్దుగాల మొకం మార్చేస్త."

"మార్చి ఇంకెవన్నో ఉడకవెడ్తవా? వానికి తల్లి ఉండదా? నన్ను గియ్యి. అదే కొప్పెరల, వాని పక్కన."

"బతికున్నోళ్లను నరకంల గీస్తె కీడు అవ్వా. నాకు రాదు గూడ."

"కీడు నాకే గదా, నీకేంది? వాని తల నా తొడ మీద వెట్టు."

రాజేశం మొదలువెట్టిండు. ఆమె దిక్కు ఒక్కసారి గూడ చూసే అవసరం రాలే. ముడతలు, కండ్లు, ముక్కుపుల్ల, అన్నీ వాటంతట అవే దిగినయ్. సచ్చినోళ్ల మొకాలు దిగినట్టే దిగినయ్. రాజేశం దేవవ్వకు ఆ ముచ్చట చెప్పలే.

ముచ్చట రామారెడ్డి ఊరి దాక పోయింది. భూమక్క వచ్చింది, ఉరివెట్టుకున్న మొగన్ని వెతుక్కుంట. జుక్కల్ దిక్కు తండా నుంచి రామ్లి వచ్చింది. సచ్చిపోయిన ఆమె బిడ్డ ప్రమీల మొకం గోడ ఇంకో మూలకు యమభటుల రంపం కింద ఉంది. "నన్ను గూడ" అన్నరు అందరు. రాజేశం గీసుకుంట పోయిండు. కొప్పెర నిండింది. మంటకు జాగ లేకుండ పోయింది. గోడ నిండ తల్లులు, పెండ్లాలు. ఒక్కరి మొకంల గూడ నొప్పి లేదు. అందరి చూపు గర్భగుడి దిక్కే.

పటేలు సున్నం వేయనీకి కూలోళ్లను పిలిపించిండు. వాళ్లు గోడను చూసిన్రు. ఒకడు తన అన్నను చూసుకున్నడు. బకెట్ అక్కడనే పెట్టి అందరు ఎల్లిపోయిన్రు. పూజారి ప్రసాదం పళ్లెం పట్టుకొని నిలవడితె తీసుకునే చెయ్యి లేదు.

పటేలు దిగివచ్చిండు. గోడ కింద ఆడోళ్లందరితోని కూసున్న దేవవ్వ ముందట కూలవడ్డడు.

"నీ కొడుకును తీసేపిస్త దేవవ్వా. స్వర్గంల గీపిస్త. నిన్ను గూడ. ఈళ్లకు చెప్పు, ఇండ్లకు పొమ్మను."

దేవవ్వ గోడ దిక్కు చూసింది. కొడుకు తల ఆమె తొడ మీదనే ఉంది.

"భూమక్క మొగడు?"

పటేలు పూజారి దిక్కు చూసిండు.

"రామ్లి బిడ్డ?"

"అందరిని తీసేస్తె నరకం ఏడుంటది?" అన్నడు పటేలు.

"నా కొడుకు గీడనే ఉంటడు" అన్నది దేవవ్వ. "నేను గూడ."

గేటు ముందట ఆటో ఆగింది. ఇంకింత మంది ఆడోళ్లు దిగిన్రు. చెప్పులిడువకుండ, గంట కొట్టకుండ, సక్కగ గోడ దిక్కు నడిచిన్రు.