పెళ్ళిళ్ళకు పనికిరాని లెన్స్

నేను ఒక లెన్స్‌ని. కెమెరా ముందు బిగించే గాజు కన్నుని. అయితే కెమెరాను చేసిన కంపెనీ వేరు, నన్ను చేసిన కంపెనీ వేరు. కెమెరాతో పాటు ఒకే ఇంట పుట్టిన లెన్స్‌ను ఫోటోగ్రాఫర్లు మురిపెంగా 'కంపెనీ లెన్స్' అంటారు. నాలాంటిదాన్ని 'బయటి లెన్స్' అంటారు. ఇల్లరికం వచ్చిన అల్లుడి మర్యాద ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? అంతా బాగా జరిగితే అత్తవారి అదృష్టం, ఏదైనా బెడిసికొడితే అల్లుడి పాదం. నా కథా ఇంతే. కాకపోతే నా పాదం మరీ చెడ్డదని ఊరు ఊరంతా నమ్మింది.

సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో, తెల్ల గ్లౌజులు తొడుక్కున్న ఒక ఆవిడ ఎనిమిది గాజు బిళ్ళలను గొట్టంలో పేర్చి నన్ను తయారు చేసింది. లోపల దుమ్ము ఏమైనా మిగిలిందేమోనని ఒంటి కన్నుతో నాలోంచి చూసింది. నేను చూసిన మొదటి మనిషి కన్ను అదే, అదీ తలకిందులుగా. మా జాతికి లోకమంతా తలకిందులే. దాన్ని నిటారుగా నిలబెట్టుకోవడం కెమెరా పని. మనుషులు మాత్రం తమకు లోకం సరిగ్గానే కనబడుతోందని అనుకుంటారు, పాపం.

ఏడాది తిరక్కుండా హైదరాబాద్ కోఠీలో ఒక కెమెరా దుకాణం అద్దాల బీరువాలోకి చేరాను. నా పక్కనే అదే కొలత ఉన్న కంపెనీ లెన్స్ కూర్చుని ఉండేది. ధర నాకంటే మూడింతలు, టెక్కు పదింతలు. ఒక మధ్యాహ్నం కోరుట్ల నుంచి ఒక జంట వచ్చింది. ఆయన ఓదెలు, 'చంద్రిక' ఫోటో స్టూడియో యజమాని. ఆమె ఆయన భార్య వినోద. ఆయన ఫోటోలు తీస్తాడు, ఆమె వాటిని కంప్యూటర్ మీద దిద్దుతుంది.

"కంపెనీది కంపెనీదే అన్నా. బయటిది కొన్నంక మల్ల నన్ను అనొద్దు," అన్నాడు దుకాణదారు.

ఓదెలు చెయ్యి కంపెనీ లెన్స్ వైపే వెళ్ళింది. వినోద ఆపింది. మా ఇద్దరితోనూ ఆ దుకాణదారు మొహమే తీయించింది. రెండు ఫోటోలనూ అతని కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత పెద్దవి చేసి చూసింది. తర్వాత భర్తకు చూపించి, "ఏది దేంతోని తీసిందో చెప్పు సూద్దాం," అంది. ఆయన చాలాసేపు చూసి తప్పు చెప్పాడు. ఆమె నవ్వి నన్ను సంచిలో వేసుకుంది. నన్ను ఎంచుకున్న మనిషి ఆమె. ఈ ముక్క మీరు గుర్తుంచుకోకపోయినా నేను మరిచిపోలేను.

కోరుట్లకు చేరిన మూడో రోజు, స్టూడియోను ఓదెలుకు అద్దెకిచ్చిన ఇంటాయన తల్లి పోయింది. ఆ ఊళ్ళో నా తొలి ఫోటో ఆ ముసలమ్మదే. సరే, చావు ఎవరి చేతిలో ఉంది? ఆ మరుసటి వారం ఒక పెళ్ళికి వెళ్ళాం. తలంబ్రాలు పోస్తుంటే నేను పెళ్ళికొడుకు మొహం మీదే చూపు నిలిపి ఉన్నాను. వెనక కుర్చీలో అతని తాత గుండె పట్టుకుని కూలిపోయాడు. బాజాలు ఆగిపోయాయి. ఆ సాయంత్రం ఓదెలు ఇంటికి వచ్చి నన్ను గడప అవతలే పెట్టి, పసుపు నీళ్ళు చల్లి, "దీని పాదం మంచిది కాదు," అన్నాడు.

"గాజుకు పాదం ఏందయ్యా," అంది వినోద. "ఆ ముసలాయనకు ఎనబై ఏండ్లు. లెన్స్ చూస్తే పోయిండా, లడ్డూలు తిని పోయిండా?"

ఆయన వినలేదు. అప్పుచేసి మరీ కంపెనీ లెన్స్ తెచ్చాడు. అప్పటి నుంచి ఒక కట్టుబాటు పెట్టాడు. పెళ్ళిళ్ళు, పేరంటాలు, పుట్టెంటికలు అన్నీ దానికి, చావులు నాకు. దసరాకు పనిముట్ల పూజ చేసేటప్పుడు దానికి కుంకుమ బొట్టు పెట్టేవాడు, నన్ను సొరుగులోంచి బయటికే తీసేవాడు కాదు. అంతటితో ఊరుకున్నాడా? పెళ్ళి మాట్లాడుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ గొప్పగా చెప్పేవాడు: "మాదగ్గర పీనుగులకు లెన్స్ వేరే ఉంటది. మీకేం రంది లేదు. ఆ లెన్స్ బతికున్నోళ్ల మీదికి ఎన్నడు ఎత్త." జనం మెచ్చుకునేవారు. ఇంత నిష్ఠ ఎవరికి ఉంటుందని చెప్పుకునేవారు. వ్యాపారం పెరిగింది.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. నేను చూసిన మొహాలు మూడు వందలకు పైనే ఉంటాయి. గాజుకు జ్ఞాపకం ఉండదంటారు. అన్నవాడు తొమ్మిదేళ్ళు నా సొరుగులో ఉండి చూడాలి. మూత వేసి ఉన్నా వాళ్ళంతా పైనుంచి తలకిందులుగా వేలాడుతూ నా ముందుకు వచ్చేవారు. ముక్కుల్లో దూది, నుదుట రూపాయి బిళ్ళ, దవడకు కట్టిన గుడ్డ. ఎవరూ నన్ను ఏమీ అనేవారు కాదు. అదే భయంగా ఉండేది. ఒక్కసారి, ఒక్క బతికున్న మొహాన్ని నాకు చూపించమని ఎవరిని అడగను?

చావు ఇంట్లో ఓదెలు పనితీరు ఒకటి ఉంది. మాట్లాడడు. అందరినీ చేత్తోనే పక్కకు జరిపిస్తాడు. వంగి, పోయినవాళ్ళ గడ్డం రెండు వేళ్ళతో పట్టి సరిచేస్తాడు. మూడు అడుగులు వెనక్కి వేస్తాడు. ఒక్కసారి నొక్కుతాడు. పెళ్ళిలో ఒక్కో మొహానికి పది తీస్తాడు, ఎందుకంటే మనుషులు కదులుతారు, రెప్పలు కొడతారు. శవానికి ఆ గొడవ లేదు కనుక ఒక్కటే.

ఆ ఒక్కటీ వినోద ముందుకు వచ్చేది. చాలా ఇళ్ళల్లో పోయినవాళ్ళకు పనికొచ్చే ఫోటో మరొకటి ఉండదు. దశదినకర్మకు దండ వేయడానికి ఆ మూసిన కళ్ళ ఫోటోనే కావాలి. మూసిన కళ్ళకు దండ వేయడానికి మనసొప్పదు కనుక వాటిని తెరిపించాలి. స్టూడియోకు పాసుపోర్టు ఫోటోలు తీయించుకోవడానికి వచ్చినవాళ్ళ కళ్ళను వినోద వయసుల వారీగా దాచిపెట్టింది. మగ కళ్ళు, ఆడ కళ్ళు, ముడతల కళ్ళు. సరిపోయే జతను తీసి మూసిన రెప్పల మీద అతికి, చుట్టూ నీడలు దిద్దేది. ఇంటివాళ్ళు చూసి, "అచ్చం మా నాయిన చూపే," అని ఏడ్చేవారు. ఆ చూపు బస్టాండు దగ్గర అరటిపళ్ళు అమ్మేవాడిదని ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పేది కాదు. మనిషికి కావలసింది నిజం కాదని ఆమెకు నాకంటే ముందే అర్థమైంది.

ఆమెకు నలభై మూడో ఏట కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు జగిత్యాల ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించేవారు. ఏడాది గడిచాక, ఒక రోజు కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో ముసలామె కళ్ళు తెరిపిస్తూ, వెనక్కి తిరగకుండానే అంది:

"నన్ను ఒక ఫోటో తియ్యి. బతికుండంగనే. నాకైతే ఎవళ్ల కండ్లు పెట్టకు. నా కండ్లు నాకుండాలె."

"పిచ్చి మాటలు మాట్లాడకు," అన్నాడు ఓదెలు.

"పిచ్చేముంది ఇందుల? పెండ్లి ఫోటోలన్నిట్ల తల దించుకునే ఉన్న. సెల్ ఫోటో పెద్దగ చేస్తే మొఖం పిండి పిండి అయితది. ఆధార్ కార్డు ఫోటో పెట్టి దండేస్తవా? పిల్లలు జడుసుకుంటరు."

ఆమె కోరింది అదొక్కటే. ఆయన రెండు వారాలు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాడు. తీస్తే ఆమె పోతుందని ఆయన భయం. చివరికి ఒప్పుకునే వేళకు కంపెనీ లెన్స్ ఇంట్లో లేదు. ఒక పెళ్ళి బరాత్‌లో డ్యాన్సు చేసేవాడి మోచెయ్యి తగిలి రోడ్డు మీద పడింది. హైదరాబాద్‌కు బాగుచేయడానికి పంపాడు. ఏదో భాగం దొరకాలి, నెల పడుతుందన్నారు.

"ఇది ఉన్నది గద," అంది ఆమె సొరుగు లాగి, నన్ను చేతిలోకి తీసుకుని. తొమ్మిదేళ్ళ తర్వాత ఆమె చేతి వెచ్చదనం తగిలింది. నాకు ఏడుపొచ్చింది. గాజుకు ఏడుపేమిటంటారా? సరే, అనుకోండి.

"దాన్ని ఆడ పెట్టు. నీ మీదికి దాన్ని ఎత్తుతనా? నేనేమన్న పాపిష్టోన్నా?" అన్నాడు ఓదెలు.

"నేనే కొన్న దీన్ని. నాకేం భయం లేదు."

"నెల ఆగు. కంపెనీది వస్తది."

నెల అయింది. రాలేదు. ఇంకో పది రోజులు అయ్యాయి. ఆమె కాళ్ళకు నీరు దిగింది. మొహానికి కూడా ఎక్కుతుందని, ఎక్కితే ఇక ఫోటోకు పనికిరానని ఆమె రోజూ అద్దంలో చూసుకునేది. ఒక ఆదివారం పొద్దున తలంటు పోసుకుని, మామిడిపండు రంగు చీర కట్టుకుని, నీలం పరదా ముందు కుర్చీలో వచ్చి కూర్చుంది. "ఇయ్యాల తియ్యకపోతే ఇగ అడగ," అంది. కోపంగా అనలేదు. అందుకే ఆయన కాదనలేకపోయాడు.

నన్ను కెమెరాకు బిగించాడు. మూత తీశాడు. నా ఎదుట ఆమె, నిండుగా ఊపిరి తీస్తూ, తలకిందులుగా. బతికున్న మొహం ఎంత కదులుతుందో నేను మరిచిపోయాను. ముక్కుపుడక మీద వెలుగు నిలవడం లేదు. పెదవి చివర ఏదో నవ్వు వస్తూ పోతూ ఉంది. ఎన్ని వందలమందిని చూసినా నేను చూడవలసిన మనిషి ఈమేనని అనిపించింది.

ఓదెలు ఒక్క మాట మాట్లాడలేదు. ఇటు చూడు అనలేదు, నవ్వు అనలేదు. నేను చేతిలో ఉంటే ఆయన ఒళ్ళు తెలిసిన దారినే నడిచింది. దగ్గరికి వెళ్ళి, వంగి, రెండు వేళ్ళతో ఆమె గడ్డం పట్టి సరిచేశాడు. ఏడాదిగా ఆమె ఒంటిని తాకినవి ఆసుపత్రి సూదులే, మెత్తగా తాకిన చెయ్యి ఏది? ఆ వేళ్ళు తగలగానే ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన మూడు అడుగులు వెనక్కి వేశాడు. కెమెరాకు కన్ను ఆనించాడు. ఆ కంట్లో నీళ్ళు. ఒక్కసారి నొక్కాడు.

"అయిపాయెనా?" అంది ఆమె కళ్ళు తెరిచి.

"అయిపోయింది."

"ఒక్కటేనా?"

"ఒక్కటి చాలు," అన్నాడు.

ఆమె ఆయన్ని చూసింది. ఆ లెక్క ఎక్కడిదో ఆ ఇంట్లో ఆమెకు తెలియనిదా? "సూపియ్యి," అంది. ఆయన కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి జేబులో వేసుకుని, "రేపు కంప్యూటర్ల ఎక్కిస్త," అన్నాడు. చూడటానికి ధైర్యం చాలలేదు. "మంచిగనే వచ్చి ఉంటది తీ," అంటూ ఆమె గోడ పట్టుకుని లేచింది.

మరుసటి రోజు ఆయాసం వచ్చింది. జగిత్యాల నుంచి కరీంనగర్ తీసుకెళ్ళారు. నాలుగో రోజు ఇంటికి తెచ్చారు, ఊపిరి లేకుండా. ఆ పూట ఓదెలు నన్ను ముట్టుకోలేదు. ఆమె ఫోటో ఉంది కదా, కళ్ళు తెరిచిన ఫోటో, ఆ ధైర్యంతో ఉన్నాడు. అందరితో అదే చెప్పాడు.

ఆమె పోయిన ఎనిమిదో రోజున కార్డు తెరిచాడు.

నేను చెప్పనక్కర్లేదు. ఆయన కుర్చీలో కూర్చుని, ఆ ఫోటో ముందు, వెనక ఇంకేమైనా ఉన్నాయేమోనని ఎంతసేపు వెతికాడో. ముందు ఎవరిదో అంత్యక్రియల ఫోటో. వెనక ఏమీ లేదు. తర్వాత ఆమె పని ఆయనే చేయబోయాడు. పెళ్ళి ఆల్బంలో ఒక్క చోట, తాళి కట్టాక, ఆమె తల ఎత్తిన ఫోటో దొరికింది. ఆ కళ్ళు కోసి తెచ్చి అతికాడు. పంతొమ్మిదేళ్ళ కళ్ళు. అప్పటికి ఓదెలు ఎవరో కూడా సరిగా తెలియని కళ్ళు. ఆ మొహంలోంచి అవి ఆయన్ని పరాయివాణ్ణి చూసినట్టు చూశాయి. చెరిపేశాడు. పాసుపోర్టు కళ్ళ జోలికి వెళ్ళలేదు. ఆమె అడిగినదాంట్లో ఆ ఒక్క మాట నిలబెట్టాడు. అదే రోజు హైదరాబాద్ నుంచి కంపెనీ లెన్స్ పార్సిల్ వచ్చింది. ఇప్పటికీ దాన్ని విప్పలేదు.

దశదినకర్మ నాడు ఫ్రేము గోడకు ఎక్కింది. దండ పడింది. ఓదెలు చిన్నమ్మ గంగవ్వ దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"ఏంరా, ఊర్ల అందరి కండ్లు తెరిపిచ్చిన ఇల్లు ఇది. దానియి తెరిపియ్యకపోతివి."

"అట్లనే ఉండనీ చిన్నమ్మా."

"పానం పోయినంక తీసినవా?"

"లేదు. బతికున్నప్పుడే తీసిన. ఈ కుర్సిలనే కూసున్నది. మాట్లాడింది."

"ఏ లెన్స్‌తోని?"

ఆయన బీరువా మీద ఉన్న నా వైపు చూపించాడు.

గంగవ్వ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, దగ్గరికి జరిగి వీపు నిమిరింది. "అది బతికున్నోళ్ల మీదికి ఎత్తవు గద బిడ్డా నువ్వు," అంది మెల్లగా. "ఊకో. ఊకో."

ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా అదే అడిగారు, ఆయన అదే చెప్పాడు. కొందరు తల ఊపారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. దుఃఖంలో ఉన్న మనిషితో ఎవరు వాదిస్తారు? నమ్మినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మధ్యాహ్నం దాటాక ఆయన కూడా చెప్పడం మానేశాడు.

నన్ను ఇప్పుడు చావులకూ తీసుకెళ్ళడం లేదు. ఆ ఫోటోకు ఎదురుగా, మూత లేకుండా, బీరువా మీదే ఉన్నాను. లోపల గాజుకు బూజు పడుతోంది. అప్పుడప్పుడు ఓదెలు కింద నిలబడి నన్ను చూస్తాడు, సాక్ష్యం అడుగుతున్నట్టు. నాకు నోరుంటే చెప్పేదాన్ని: ఒరేయ్, నువ్వు నొక్కినప్పుడు ఆమె ఎడమ రెప్ప వణుకుతోంది. తెరవబోతోంది. నేను చూశాను.