ముత్యాలు పేరున్న పసుపు క్లిప్పు

నేను ఒక బట్టల క్లిప్పుని. పసుపుపచ్చ ప్లాస్టిక్ ఒళ్లు, నడుమున ఇనుప స్ప్రింగు. విజయనగరం సంతలో హైమావతి టీచరు నన్ను కొన్నారు. రెండేళ్లు ఆవిడ డాబా మీద చీరలు పట్టుకుని గాలితో కుస్తీ పట్టాను. తరవాత ఒక జూన్‌లో మమ్మల్నందర్నీ మూటగట్టి బడికి తీసుకెళ్లారు.

మూడో తరగతి గోడకి ఒక అట్ట వేలాడుతోంది. దాని అంచున వరసగా నాలుగు మొహాలు: సంతోషం, దిగులు, భయం, కోపం. పిల్లలు రాగానే తమ పేరున్న క్లిప్పుని, ఆ పూట మనసెలా ఉంటే ఆ మొహానికి తగిలించాలి. నా మీద ‘ముత్యాలు’ అని రాశారు.

ఇరవై ముగ్గురూ సంతోషానికే తగిలించారు! పాపం, అదీ పరీక్షే అనుకున్నారు. మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తూ వచ్చినవాడు కూడా నవ్వు మొహాన్నే వెతుక్కున్నాడు. వాళ్ల బొమ్మలూ అంతే, అందరివీ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు. ముత్యాలు అదీ గీయడం లేదు. ఒకప్పుడు గోడల్ని కూడా వదలని పిల్ల, వారం నుంచి కాగితమిస్తే చింపేస్తోంది. ఇక బొమ్మలే మానేస్తుందేమోనని టీచరుకి బెంగ పట్టుకుంది.

ఒకరోజు టీచరు తన క్లిప్పుని దిగులుకి తగిలించారు. “మా అమ్మకి ఒంట్లో బాగోలేదర్రా” అన్నారు. పిల్లలు నోరు తెరిచి చూశారు. టీచర్లకి కూడా దిగులుంటుందని వాళ్లకెవరు చెప్పారు?

మర్నాడు ముత్యాలు చెమట పట్టిన వేళ్లతో నన్ను కోపానికి తగిలించింది.

“అక్క హాస్టల్‌కి ఎలిపోనాది టీచర్. నాకు ముందు సెప్పనేదు.”

“కోపం రాదూ మరి? ఎంత కోపమో గీసి చూపిస్తావా?”

గీసింది. బస్సు కిటికీలోంచి అక్క జడ రోడ్డు పొడుగునా సాగింది. దాని చివర ముత్యాలు గుప్పిట్లో ఉంది. బస్సు కదల్లేక పొగలు కక్కుతోంది. ఆ బొమ్మని గోడ మీది తాడుకి నాతోనే తగిలించారు. ఎన్నో పట్టుచీరల్ని మోశాను గాని, అంత గర్వం నాకెప్పుడూ కలగలేదు. ఆ వారం పిల్లల కాగితాల్లో కొండలు తగ్గాయి.

హాస్టల్‌కి సెలవులిచ్చాక అక్క బడికొచ్చింది. బొమ్మ చూసి, తన జడ తడుముకుంది.

“ఇంత గట్టిగా లాగేసినావేటే?”

ముత్యాలు పకపకా నవ్వింది. నన్ను విప్పి బొమ్మని అక్క చేతికిచ్చింది. తరవాత నన్ను పట్టుకుని అట్ట ముందు చాలాసేపు నిలబడింది. అక్క వచ్చింది, కాని ఆదివారం మళ్లీ వెళ్లిపోతుంది. చివరికి నన్ను సంతోషానికీ దిగులుకీ సరిగ్గా మధ్యన తగిలించి, కాగితం కోసం టీచరు దగ్గరికి పరుగెత్తింది.